ఆల్‌టైమ్ గొప్ప సూపర్‌కార్ ఏది? ముందు కొలత తేల్చుకుందాం

కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ వాదన రాకుండా ఉండదు. ఒకరు బుగాటీ వేరాన్ అంటారు, మామూలుగా అమ్మకానికి వచ్చిన కారు గంటకు 400 కిలోమీటర్లు దాటడం దానితోనే మొదలైంది కాబట్టి. ఇంకొకరు ఫెరారీ ఎఫ్40 పేరు తప్ప మరో మాట వినరు. మూడో మనిషి ఫోన్‌లో లాంబోర్గిని మియురా ఫొటో తీసి చూపిస్తాడు, ఇక మాట్లాడేదేముంది అన్నట్టు. ఎవరూ తగ్గరు. ఎందుకంటే ముగ్గురూ జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు. ఏది ఎక్కువ వేగంగా పోయింది అన్నది ఒక ప్రశ్న. ఏది నడిపితే ఒళ్లు పులకరిస్తుంది అన్నది ఇంకోటి. ఏది చూడటానికి బాగుంది అన్నది పూర్తిగా వేరే సంగతి.

వేలంలో పలికిన ధరను కూడా కొలతగా తెచ్చేవాళ్లు ఉంటారు. దాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. 2022 మే నెలలో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపే 13.5 కోట్ల యూరోలు పలికింది. ఇంతవరకు వేలంలో ఏ కారుకూ అంత రాలేదు. ఆ కార్లు చేసినవే రెండు, అవి కూడా రేసు కారు మీద కట్టినవి, కంపెనీ దగ్గరే దశాబ్దాలు ఉండిపోయినవి. ఫెరారీ 250 జీటీవో 1962 నుంచి 1964 దాకా తయారైంది 36 మాత్రమే. దొరకని వస్తువుకు ధర ఎక్కడికైనా పోతుంది. దాన్నిబట్టి ఆ కారు లోపల ఎంత తెలివి ఉందో తెలియదు.

నేను వాడే కొలత వేరు. ఆ కారు తన కాలంలో ఎవరికీ కొరుకుడు పడని చిక్కును తీర్చిందా? అది వచ్చాక మిగతా కంపెనీలు తమ దారి మార్చుకోక తప్పలేదా? ఈ రెండు ప్రశ్నలు వేస్తే జాబితా చాలా చిన్నదైపోతుంది, వాదన కూడా కొంచెం తేలిక పడుతుంది.

ఈ కొలత ఎలా పనిచేస్తుందో 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ తలుపుల్లో చూడొచ్చు. రెక్కల్లా పైకి లేచే ఆ తలుపులు షోకు కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు. అసలు కారణం చట్రం. సన్నటి స్టీలు గొట్టాలను త్రికోణాలుగా అతికి, తక్కువ బరువుతో గట్టి చట్రం కట్టారు. ఆ గొట్టాలు కారు పక్కల్లో ఎత్తుగా వచ్చాయి. మామూలు తలుపుకి చోటు లేదు. గొట్టాలు కోస్తే చట్రం బలం పోతుంది. అందుకని తలుపును పైకప్పుకు వేలాడదీశారు. ఇంజిన్‌ను 50 డిగ్రీల దాకా పక్కకు వంచి బానెట్‌ను కిందికి దించారు. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజెక్షన్ పెట్టారు. ఒక్కో వింత వెనుక ఒక్కో లెక్క ఉంది. గొప్ప సూపర్‌కార్లన్నిటిలోనూ ఇదే కనిపిస్తుంది.

ఇంజిన్ వెనక్కి జరిగింది

సూపర్‌కార్ అనగానే కళ్ల ముందు కదిలే ఆకారం, అంటే పొట్టి ముక్కు, దాదాపు ముందు చక్రాల మీదే కూర్చున్నట్టుండే డ్రైవర్, వెనకాల బరువైన వీపు, ఇదంతా మియురాతో స్థిరపడింది. దానికి మూలం ఇంజిన్ ఉన్న చోటు.

కారులో అన్నిటికన్నా బరువైన వస్తువు ఇంజిన్. ఒక కర్ర తీసుకుని రెండు చివర్లా బరువులు కట్టి గిరగిరా తిప్పి చూడండి, తిరగనంటుంది, తిరిగాక ఆగనంటుంది. అవే బరువులు మధ్యలో కడితే మణికట్టు తిప్పితే చాలు. ఇంజిన్ ముందు చక్రాల మీద ఉన్న కారుకూ, రెండు ఇరుసుల మధ్య ఉన్న కారుకూ మలుపుల్లో అదే తేడా. పైగా బరువు వెనక చక్రాల వైపు ఉంటే అవి రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు జారవు. ఫార్ములా వన్‌లో కూపర్ టీమ్ ఈ అమరికతో 1959లోనూ 1960లోనూ ఛాంపియన్‌షిప్ కొట్టాక రేసుల్లో ముందు ఇంజిన్ కథ ముగిసింది.

రోడ్డు కార్లలో మాత్రం పెద్ద కంపెనీలు జంకాయి. మధ్య ఇంజిన్ కారు పట్టు ఉన్నంతసేపు బంగారంలా ఉంటుంది. పట్టు తప్పిందంటే బొంగరంలా తిరుగుతుంది, తేరుకోవడానికి టైమ్ ఇవ్వదు. మామూలు కస్టమర్ చేతిలో అలాంటిది పెట్టడానికి ఎంజో ఫెరారీ చాలాకాలం ఒప్పుకోలేదు.

లాంబోర్గిని అప్పటికి కొత్త కంపెనీ. ట్రాక్టర్లు తయారుచేసే ఫెరూచియో లాంబోర్గిని 1963లో పెట్టాడు. అక్కడి ఇంజినీర్లు జాన్ పావ్లో డల్లారా, పావ్లో స్టాంజానీ, టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ అందరూ ముప్పై నిండని కుర్రాళ్లే. వాళ్ల దగ్గర 3.9 లీటర్ల వీ12, అంటే 12 సిలిండర్లు వీ ఆకారంలో ఉండే ఇంజిన్ ఉంది. దాన్ని సీట్ల వెనక పొడవుగా పెట్టి, దాని వెనక గేర్‌బాక్స్ పెడితే కారు పొడవు శ్రుతి మించుతుంది. అందుకని ఇంజిన్‌నే అడ్డంగా తిప్పేశారు. చిన్న కారు మినీలో ఇంజిన్ అడ్డంగా పెట్టిన పద్ధతే వాళ్లకు దారి చూపింది. గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌తో కలిపి ఒకే పోతలో పోశారు. 1965 నవంబర్‌లో ట్యూరిన్ షోలో బాడీ లేకుండా ఉత్త చట్రం పెడితేనే జనం మూగారు. బెర్టోనే సంస్థలో పనిచేస్తున్న మార్చెల్లో గాండీని దానికి రూపం దిద్దాడు. 1966 జెనీవా షో నాటికి కారు సిద్ధమైంది.

మియురాలో లోపాలు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. మొదట్లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ ఒకటే ఆయిల్. గేర్లు అరిగి రాలిన లోహపు రజను నేరుగా ఇంజిన్‌లోకి పోయేది. పెట్రోల్ ట్యాంకు ముందు ఉండేది, అది ఖాళీ అవుతున్నకొద్దీ ముక్కు తేలికై, మంచి స్పీడులో ముందు చక్రాల పట్టు తగ్గిపోయేది. ఆ కుర్రాళ్లకు గాలి గురించి ఇంకా అంత తెలియదు, అసలు అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు. అయినా మియురా తర్వాత ముందు ఇంజిన్‌తో వచ్చిన ప్రతి స్పోర్ట్స్ కారూ ఒక్కసారిగా పాతబడినట్టు కనిపించింది. ఫెరారీ కూడా 12 సిలిండర్ల రోడ్డు కారులో ఇంజిన్‌ను మధ్యకు తెచ్చింది, కాకపోతే 1973లో, 365 జీటీ4 బీబీతో. నా కొలతకు ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు.

కౌంటాష్ గురించి ఒక్క మాట. గోడల మీద పోస్టర్లుగా ఎక్కిన కారు అది. 1971లో నమూనా, 1974 నుంచి అమ్మకాలు. స్టాంజానీ ఈసారి ఇంజిన్‌ను పొడవుగానే పెట్టాడు గానీ తిరగేసి పెట్టాడు. గేర్‌బాక్స్ ముందుకు, రెండు సీట్ల మధ్యకు వచ్చింది. అక్కడి నుంచి ఇరుసు ఇంజిన్ అడుగు భాగం గుండా వెనక చక్రాలకు పోతుంది. బరువు మధ్యకు చేరింది, గేర్ రాడ్ డ్రైవర్ చేతి కిందికే వచ్చింది. ఆ ఉపాయం అద్భుతం. వెనక ఏముందో చూడటానికి మాత్రం చోటు మిగల్లేదు, రివర్స్ చేయాలంటే తలుపు పైకెత్తి, గుమ్మం మీద కూర్చుని, తల బయటపెట్టి చూడాల్సిందే. తలుపు పైకి లేచేలా ఉండటం అక్కడ అక్కరకొచ్చింది.

ఒకే రూల్‌బుక్, రెండు జవాబులు

1980ల్లో రెండు గొప్ప కార్లు పుట్టడానికి కారణం ఒక రేసు నియమం. గ్రూప్ బి అనే విభాగంలో పోటీ పడాలంటే ఆ మోడల్ కార్లు కనీసం 200 తయారు చేయాలి. దీన్ని హోమోలోగేషన్ అంటారు. రేసు కోసం ప్రత్యేకంగా ఒక్క కారు చేసుకొస్తానంటే కుదరదు, దాన్ని జనానికి కూడా అమ్మాలి. ఇలా రేసు యంత్రాలు నంబర్ ప్లేటు తగిలించుకుని రోడ్డెక్కాయి. ఫెరారీ 288 జీటీవో అలా వచ్చింది, పోర్ష 959 అలా వచ్చింది. 1986లో వరుస ప్రాణనష్టాల తర్వాత ర్యాలీల్లో గ్రూప్ బిని రద్దు చేశారు. చేతిలో యంత్రాలున్నాయి, దిగడానికి పోటీ లేదు. 288 జీటీవో నుంచి అభివృద్ధి చేసిన ఎవల్యూజియోనే అనే రేసు రూపాన్ని ఆధారం చేసుకుని ఫెరారీ 1987లో ఎఫ్40 తెచ్చింది.

959, ఎఫ్40 రెండూ ఒకే ఏడాది అటూఇటుగా వచ్చాయి, ఇంచుమించు ఒకే వేగం, ఒకే స్థాయి శక్తి. 959ది 450 హార్స్‌పవర్, గంటకు 317 కిలోమీటర్లు. ఎఫ్40ది 478 హార్స్‌పవర్, 324 కిలోమీటర్లు. అంకెలు చూస్తే అన్నదమ్ములనిపిస్తాయి. ఎక్కి కూర్చుంటే రెండూ రెండు లోకాలు.

ఎఫ్40 తలుపుకి లోపల హ్యాండిల్ లేదు, ఒక కేబుల్ ఉంటుంది, లాగితే తెరుచుకుంటుంది. కార్పెట్ లేదు. తొలి కార్లలో కిటికీ పక్కకు జరిపే ప్లాస్టిక్ పలక. చట్రాన్నీ కార్బన్ పలకల్నీ అతికిన పచ్చటి జిగురు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. రంగు ఎంత పల్చగా కొట్టారంటే వెలుతురు సరిగ్గా పడితే కింద కార్బన్ నేత కనబడుతుంది. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇంజిన్ నిద్రపోతున్నట్టు ఉంటుంది, టర్బోలు, అంటే ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి కూరే పంకాలు, అందుకున్నాయంటే వెన్ను సీటుకు అతుక్కుపోతుంది. ఆ మధ్యలోని క్షణాన్ని అంచనా వేయడం డ్రైవర్ పనే. ఎంజో ఫెరారీ బతికుండగా ఓకే చేసిన చివరి రోడ్డు కారు ఇది. ఆయన 1988 ఆగస్టులో కన్నుమూశాడు. మొదట 400 చేద్దామనుకున్నవి అడిగేవాళ్లు ఎక్కువై 1,300 దాటాయి.

959 ఆ క్షణాన్నే లేకుండా చేయాలనుకుంది. రెండు టర్బోలు ఒకేసారి పని మొదలుపెట్టవు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఎగ్జాస్ట్ అంతా ఒక టర్బోకే పోతుంది కాబట్టి అది త్వరగా అందుకుంటుంది, వేగం పెరిగాక రెండోది చేరుతుంది. నాలుగు చక్రాలకూ శక్తి పోతుంది, ముందుకు ఎంత వెనక్కి ఎంత అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. రోడ్డు పొడిగా ఉందా, తడిగా ఉందా, మంచు ఉందా అన్నది డ్రైవర్ ఒక మీట తిప్పి చెప్పాలి. కారు ఎత్తు మారుతుంది. చక్రాల్లో గాలి తగ్గితే హెచ్చరిక వస్తుంది. ఇదంతా 1986 నాటి మాట. ఆ ఏడాదే 959 డాకర్ ర్యాలీ గెలిచింది, అంటే ఈ ఎలక్ట్రానిక్స్ ఎడారి ఇసుకలో కూడా నిలబడ్డాయి. అమ్మిన ప్రతి కారు మీదా పోర్ష నష్టపోయింది. అమెరికా నిబంధనలకు సరిపడేలా చేయకపోవడంతో బిల్ గేట్స్ కొన్న 959 కస్టమ్స్ దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోయింది.

వీటిలో ఏది గొప్పది? మనసు ఎఫ్40 వైపే లాగుతుంది, దాచడం ఎందుకు. కానీ నా కొలత ప్రకారం గెలిచింది 959. ఇవాళ రోడ్డు మీద వేగంగా పోయే కార్లలో ఎక్కువ భాగం దాని వారసత్వమే, ఎఫ్40 బాటలో నడిచేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు టర్బోలు, నాలుగు చక్రాల డ్రైవ్, రోడ్డును బట్టి మారే మోడ్‌లు, టైరు ప్రెజర్ సెన్సర్లు... చివరిది ఇప్పుడు మామూలు ఫ్యామిలీ కార్లలో కూడా ఉంది.

ఇక్కడ హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌ను తలుచుకోకపోతే అన్యాయం. 1990లో వచ్చింది. పూర్తిగా అల్యూమినియం బాడీ, 3 లీటర్ల వీ6, 270 హార్స్‌పవర్. అంకెల్లో గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఉన్నదల్లా ఏంటంటే, అది పాడవదు. చుట్టూ అద్దాల్లోంచి బాగా కనిపిస్తుంది, ఏసీ పనిచేస్తుంది, క్లచ్ తొక్కితే మోకాలు నొప్పి పుట్టదు. సూపర్‌కార్ కొంటే ఇబ్బందులు పడక తప్పదు అని అప్పటిదాకా కంపెనీలు చెబుతూ వచ్చిన మాట దీంతో చెల్లకుండా పోయింది. ఫార్ములా వన్ ఛాంపియన్ ఐర్టన్ సెన్నా దాన్ని నడిపి చట్రం ఇంకా గట్టిపడాలని చెబితే హోండా వాళ్లు విని సరిచేశారు. ఆ కారును అందరికన్నా శ్రద్ధగా చదివినవాడు గోర్డన్ మర్రే. మెక్‌లారెన్ ఎఫ్1 చేస్తున్నప్పుడు నడిపే సుఖానికి ఆయన కొలబద్దగా పెట్టుకున్నది ఎన్‌ఎస్‌ఎక్స్‌నే.

నా ఓటు ఎందుకు ఎఫ్1కి

మర్రే ఫార్ములా వన్ కార్ల డిజైనర్. 1988లో ఇటలీ గ్రాండ్ ప్రి ముగిసి, మిలాన్ ఎయిర్‌పోర్టులో ఆలస్యమైన విమానం కోసం ఎదురుచూస్తూ మెక్‌లారెన్ పెద్దలు మాట్లాడుకున్న మాటల్లోంచి ఎఫ్1 పుట్టింది. 1992లో ప్రపంచం ముందుకొచ్చింది. పైరూపం పీటర్ స్టీవెన్స్‌ది.

మర్రే లెక్క సూటిగా ఉంటుంది. శక్తి పెంచితే కారు తిన్నగా పోయేటప్పుడే వేగం పెరుగుతుంది. బరువు తగ్గిస్తే వేగం అందుకోవడం, బ్రేకు పడటం, మలుపు తిరగడం, చివరికి టైర్లు అరగడం దాకా అన్నీ బాగుపడతాయి. కాబట్టి ప్రతి వస్తువునూ తూకం వేశాడు. చట్రం పూర్తిగా కార్బన్ ఫైబర్. కారుతో ఇచ్చే రెంచీలు, స్పానర్లు టైటానియంవి. సీడీ ప్లేయర్ కూడా తక్కువ బరువుతో కెన్‌వుడ్ చేత ప్రత్యేకంగా చేయించాడు. కారు మొత్తం బరువు 1,140 కిలోల లోపు. ఇవాళ్టి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలోనే అంతకన్నా బరువైనవి బోలెడు.

ఇంజిన్ కోసం ముందు హోండాను అడిగాడు, కుదరలేదు. బీఎండబ్ల్యూలో పౌల్ రోషే 6.1 లీటర్ల వీ12 చేసిచ్చాడు. 627 హార్స్‌పవర్, టర్బో లేదు. టర్బో అంటే కాలు నొక్కడానికీ కారు స్పందించడానికీ మధ్య వ్యవధి అని మర్రేకు తెలుసు, అది ఆయనకు వద్దు. ఇంజిన్ గది లోపలి గోడలకు పల్చటి బంగారు రేకు అతికించారు. వేడిని అంత బాగా తిప్పికొట్టే వస్తువు ఇంకోటి దొరకలేదు, చుట్టూ ఉన్న కార్బన్ ఫైబర్‌కేమో వేడి తగలకూడదు.

సీట్లు మూడు. డ్రైవర్ మధ్యలో, కొంచెం ముందుకు. మిగతా ఇద్దరు చెరో పక్క వెనగ్గా. ఇది చూసి చాలామంది రేసు కారును అనుకరించాడనుకుంటారు. ఆ అమరిక వల్ల ఒనగూడింది చూడండి. మధ్య ఇంజిన్ కార్లలో ముందు చక్రం లోపలికి చొచ్చుకొచ్చి పెడల్స్‌ను పక్కకు నెట్టేస్తుంది, డ్రైవర్ వంకరగా కూర్చోవాలి. మధ్యలో కూర్చుంటే కాళ్లు తిన్నగా ఉంటాయి. రెండు వైపులా కారు ఎంత దూరం ఉందో కచ్చితంగా తెలుస్తుంది. ఏ దేశంలో స్టీరింగ్ ఏ పక్కనుండాలన్న గొడవే ఉండదు. ఒక్క నిర్ణయంతో మూడు చిక్కులు తీరాయి.

1995లో ల మాన్స్ 24 గంటల రేసును ఎఫ్1 జీటీఆర్ ఏకంగా మొత్తం మీద గెలిచింది, ప్రత్యేకంగా రేసు కోసమే కట్టిన ప్రోటోటైప్‌లను దాటి. మర్రే ఆ కారును రేసుల కోసం గీయలేదు. కొన్నవాళ్లు పట్టుబట్టి దించారు. రేసు నియమాలు ఇంజిన్‌లోకి పోయే గాలిని కట్టడి చేయడంతో దానికి రోడ్డు కారు కన్నా శక్తి తక్కువ. 1998 మార్చి 31న జర్మనీలోని ఏరా లెస్సీన్ ట్రాక్ మీద ఆండీ వాలెస్ ఆర్‌పీఎమ్ కట్టడి సడలించిన ఎఫ్1ని గంటకు 386.4 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లాడు. ఆ అంకె ఏడేళ్ల పాటు చెక్కుచెదరలేదు. 2005లో కోనిగ్‌సెగ్ సీసీఆర్ దాన్ని ఒకటిన్నర కిలోమీటరు తేడాతో దాటింది, కొద్ది నెలల్లోనే వేరాన్ వచ్చి ఇద్దర్నీ వెనక్కి నెట్టింది. మొత్తం తయారైన ఎఫ్1లు 106. అప్పట్లో మాంద్యం, ధర 5 లక్షల పౌండ్ల పైన, అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. 2021లో ఒక ఎఫ్1 వేలంలో 2 కోట్ల డాలర్లు దాటింది. ధరను పక్కన పెట్టాం కదా, అయినా కొనేవాళ్లకు జ్ఞానోదయం కావడానికి ఎన్నేళ్లు పట్టిందో దీంతో తెలుస్తుంది.

అదే మాంద్యంలో జాగ్వార్ ఎక్స్‌జే220 చిక్కుకుంది. 1988లో చూపించినప్పుడు వీ12 అన్నారు, నాలుగు చక్రాల డ్రైవ్ అన్నారు. 1992లో చేతికొచ్చేసరికి రెండు టర్బోల వీ6, వెనక చక్రాల డ్రైవ్. అడ్వాన్సు కట్టినవాళ్లు కోర్టుకెక్కారు. చిత్రమేమిటంటే వచ్చిన కారు మంచి కారు, గంటకు 340 కిలోమీటర్లు దాటింది. మాట తేడా వచ్చిందన్న పేరే దానికి మిగిలింది.

గాలి ముందు ఎవరైనా ఒకటే

ఇప్పుడు వేరాన్ దగ్గరికి వద్దాం. టాప్ స్పీడ్ రికార్డులు ఎందుకంత కష్టమో తెలియాలంటే ఒక్క సూత్రం చాలు. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలి కోసమే 8 రెట్ల శక్తి కావాలి. అందుకే ఎఫ్1 627 హార్స్‌పవర్‌తో 386 చేరితే, దానికి ఇంకో 20 కిలోమీటర్లు కలపడానికి, ఎఫ్1 కన్నా వెడల్పుగా, బరువుగా ఉన్న వేరాన్‌కు 1,001 హార్స్‌పవర్ అవసరమైంది.

ఆ శక్తి పుట్టించడం కాదు తలనొప్పి, దానితో పాటు పుట్టే వేడి. పెట్రోల్‌లోని శక్తిలో దాదాపు మూడో వంతు చక్రాలకు పోతుంది, మిగతాది వేడి. వెయ్యి హార్స్‌పవర్ పుడుతోందంటే దానికి ఇంచుమించు రెట్టింపు వేడిని ఎక్కడో వదిలించుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ అధిపతి ఫెర్డినాండ్ పియెక్ అంకెలు ముందు చెప్పేశాడు, ఎలా చేస్తారో మీ ఇష్టం అన్నాడు. ఇంజినీర్లు 8 లీటర్ల డబ్ల్యూ16కు 4 టర్బోలు తగిలించి, కారు నిండా 10 రేడియేటర్లు పెట్టారు. టాప్ స్పీడ్‌లో పోతే 100 లీటర్ల ట్యాంకు పన్నెండు నిమిషాల్లో ఖాళీ. గంటకు 375 దాటాలంటే కారు ఆపి రెండో తాళంచెవి పెట్టాలి. అప్పుడు కారు అన్నీ చూసుకుని, సరే అనుకుంటే కిందికి దిగుతుంది, వెనక రెక్కను లోపలికి లాక్కుంటుంది.

ఆ పైన అడ్డం పడేవి టైర్లు. గంటకు 490 కిలోమీటర్ల దగ్గర చక్రం అంచున ఉన్న రబ్బరు మీద బయటికి లాగే బలం దాని బరువుకు 5,000 రెట్లకు పైనే. అంటే ఒక్క గ్రాము రబ్బరు ఐదు కిలోల బరువై ఊడిపోవాలని చూస్తుంది. 2019లో బుగాటీ షిరాన్ 490.48 కిలోమీటర్లు చేరిన పరుగుకు ముందు టైర్లను ఎక్స్‌రే తీసి మరీ ఎంచుకున్నారు.

రికార్డుల విషయంలో తికమక కూడా ఇక్కడే మొదలవుతుంది. గాలి వీచే దిక్కు, రోడ్డు వాలు లాభించకుండా ఒకే దారిలో రెండు వైపులా పరుగెత్తి సగటు తీయాలన్నది పద్ధతి. షిరాన్ ఒక్క వైపే పరుగెత్తింది. 2017లో నెవాడాలో మూసేసిన హైవే మీద కోనిగ్‌సెగ్ అగేరా ఆర్‌ఎస్ రెండు వైపులా పరుగెత్తి 447 కిలోమీటర్ల సగటు సాధించింది. 2020లో ఎస్‌ఎస్‌సీ టువాటారా 500 దాటిందని చెప్పుకుంటే, వీడియోలు చూసిన అభిమానులు లెక్కలు కట్టి తప్పని తేల్చారు, కంపెనీ చివరికి ఒప్పుకోక తప్పలేదు. 2025లో చైనా ఎలక్ట్రిక్ కారు యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ జర్మనీలోని పాపెన్‌బర్గ్ ట్రాక్ మీద 496.22 నమోదు చేసింది. కస్టమర్‌కు ఇచ్చే కార్లలో వేగానికి తాళం వేసే కంపెనీలు కూడా ఉన్నాయి: వేరాన్ సూపర్ స్పోర్ట్ 2010లో 431 చేసింది, అమ్మిన కార్లను టైర్ల కోసం 415 దగ్గర ఆపేశారు. కాబట్టి "ప్రపంచంలో అత్యంత వేగవంతమైన కారు" అని ఎక్కడైనా చదివితే, ఒక వైపా రెండు వైపులా, కొన్నవాడి కారు కూడా అంత పోతుందా, ఈ రెండూ అడగండి.

శక్తి తేలికైపోయాక

2013లో ఫెరారీ లాఫెరారీ, మెక్‌లారెన్ పీ1, పోర్ష 918 స్పైడర్ మూడూ హైబ్రిడ్‌లుగా వచ్చాయి. మూడింటిలో ముందుచూపు 918ది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 6 నిమిషాల 57 సెకన్లలో చుట్టేసింది. ఎలక్ట్రిక్ మోటారు పెట్రోల్ పొదుపుకే అనుకునే రోజులు దాంతో పోయాయి.

ఆ తర్వాత పూర్తి ఎలక్ట్రిక్. క్రొయేషియాలో తయారయ్యే రిమాక్ నెవేరాలో చక్రానికొక మోటారు, మొత్తం 1,900 హార్స్‌పవర్ పైన. ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో విడివిడిగా లెక్కగట్టడం 959 మొదలుపెట్టిన పనికి కొనసాగింపే. నిలబడ్డ చోటు నుంచి గంటకు 100 అందుకోవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. పియెక్ ఇంజినీర్లు ఏళ్ల తరబడి పెనుగులాడి సాధించిన వెయ్యి హార్స్‌పవర్‌కు దాదాపు రెట్టింపు, పది రేడియేటర్ల గోల లేకుండా. కానీ బ్యాటరీ వల్ల కారు బరువు 2 టన్నులు దాటింది, ఎఫ్1కి ఇంచుమించు రెట్టింపు. అంటే మర్రే 1990ల్లో తూకం వేసి తగ్గించిన చిక్కే తిరిగొచ్చి ముందు కూర్చుంది. ఎలక్ట్రిక్ సూపర్‌కార్లలో నా కొలతకు నిలిచే కారు ఏదైనా వస్తే అది ఈ బరువును తీర్చిందే అయ్యుండాలి. మర్రే మాత్రం తన దారి వదల్లేదు. 2020లో ఆయన చూపించిన టీ.50 బరువు 986 కిలోలు, టర్బో లేని వీ12 నిమిషానికి 12,100 సార్లు తిరుగుతుంది, వెనక 40 సెంటీమీటర్ల ఫ్యాన్ కారు కింది గాలిని లాగి రోడ్డుకు అదిమి పెడుతుంది, గేర్లు చేత్తో మార్చాలి.

ఇంకా ఆసక్తికరమైన సంగతి రిమాక్ ఇంట్లోనే జరిగింది. 2021లో బుగాటీ, రిమాక్ కలిసి ఒకే కంపెనీ అయ్యాయి, పగ్గాలు రిమాక్ కంపెనీ పెట్టిన మాటే రిమాక్ చేతికొచ్చాయి. ఆ చేతుల మీదుగా వచ్చే తర్వాతి బుగాటీ పూర్తి ఎలక్ట్రిక్ అని చాలామంది అనుకున్నారు. 2024లో వచ్చిన టూర్‌బిల్లాన్‌లో మోటార్లు ఉన్నాయి గానీ, వాటితో పాటు కాస్‌వర్త్ చేసిన 8.3 లీటర్ల వీ16 ఉంది, టర్బోలు లేవు. స్టీరింగ్ వెనక కనిపించేది స్క్రీన్ కాదు, స్విస్ గడియారాలు చేసేవాళ్లు పళ్లచక్రాలతో కట్టిన మీటర్లు.